పేరు, డిపార్ట్‌మెంటు, ఏ ఇయరు

చక్కగా రాశావు అన్నాడు. ఆ మాట ఇంకా చెవిలోనే తిరుగుతోంది, లాగి చెప్పుకింద వేసి నలిపేయాలనుంది, కాని చెవిలో దూరిన మాటను ఎవరు లాగగలరు. తిట్టినా బాగుండేది. తిట్లకు తెనియోలా దగ్గర జవాబులున్నాయి. వారం రోజులుగా బట్టలుతుకుతూ, లెక్చర్లలో కూర్చుని, ఆకలికి కర్రపెండలం గరి నానబెట్టుకుంటూ నూరి పెట్టుకున్న జవాబులు. వాళ్ళు తిట్టలేదు. మెచ్చుకున్నారు. ఒక్క మాట పొల్లు పోలేదన్నారు. ఈ యూనివర్సిటీలో ఇంత శుభ్రంగా రాసే పిల్లలున్నారని ఇన్నాళ్ళూ తెలియదన్నారు. మెచ్చుకోలుకు ఏం జవాబు చెప్పాలి? "థాంక్యూ సర్" అంది. అన్నది తనే. ఎవరూ గొంతు పట్టుకుని అనిపించలేదు.

సెనేట్ భవనంలో, క్రమశిక్షణ ప్యానెల్ గది బయట, వసారా బల్ల మీద కూర్చుని ఆ థాంక్యూని నాలుక మీద తడుముకుంటోంది. లోపల భోజనాలు నడుస్తున్నాయి. తలుపు సందులోంచి జొలోఫ్ అన్నం వాసన, వేయించిన టర్కీ మాంసం వాసన వస్తున్నాయి. ఎవరో జోకు వేశారు, అందరూ నవ్వారు. ఉదయం కూడా ఇలాగే నవ్వారు, తన మీద. కిటికీ అవతల ఎడారి గాలి తెచ్చిన దుమ్ము కొండల్ని కనబడకుండా చేసింది. ఆ దుమ్ములోనూ ఒకచోట మాత్రం పచ్చగా ఉంది. వైస్‌ఛాన్సలర్ బంగళా ముందు గడ్డి. దాని మీద నీళ్ళు చిమ్మే గొట్టం గుండ్రంగా తిరుగుతోంది. ఇంత జరిగాక కూడా తిరుగుతోంది. సిగ్గు లేకుండా తిరుగుతోంది.

ఆ గడ్డి వల్లే ఇదంతా. కాదు, గడ్డి వల్ల కాదు. తను రాయడం వల్ల. అదీ కాదు. ఇలా ఎవరి వల్ల అని వెతకడం మొదలుపెడితే చివరికి ఎవరి వల్లా కాదని తేలుతుంది, కోపం చల్లారుతుంది, చల్లారాక లోపలికి పిలుస్తారు, సంతకం పెట్టేస్తుంది. తనను తను బాగా ఎరుగును. అందుకే కోపాన్ని చల్లారనివ్వకూడదు. చలికాలంలో కుంపటిని చూసుకున్నట్టు చూసుకోవాలి.

తెనియోలా ఫలాదే, అబేకే హాల్ అనే ఆడపిల్లల హాస్టల్‌లో ప్రెస్‌కు ఎడిటరు. ఆ యూనివర్సిటీలో ప్రతి హాస్టల్‌కీ గుమ్మంలో ఒక ప్రెస్ బోర్డు ఉంటుంది, అద్దాల తలుపుతో, తాళంతో. వారానికొకసారి పిల్లలు తమ పత్రికను కాగితాల మీద అచ్చుతీసి, కర్రపెండలం గంజితో ఆ బోర్డుకు అంటిస్తారు. బకెట్లు మోసుకొచ్చేవాళ్ళు బకెట్లు కింద పెట్టి చదువుతారు. పరీక్ష తప్పినవాళ్ళు, ప్రేమలో ఉన్నవాళ్ళు, ఊరికే తోచనివాళ్ళు, అందరూ అక్కడ నిలబడతారు. ఊరి పేపర్లలో రాని సంగతులు అక్కడ వస్తాయి. మెస్‌లో బియ్యం ఎవరింటికి పోయిందో, ఆస్పత్రిలో మందులెందుకు లేవో, యూనియన్ డబ్బుతో ప్రెసిడెంటు ఏ బూట్లు కొన్నాడో.

ఆ బోర్డుకు ఒక ఆచారముంది. మాట్లాడిన మనిషి పేరు రాయాలి, డిపార్ట్‌మెంటు రాయాలి, ఏ ఇయరో రాయాలి. మొదటి సంవత్సరం పిల్ల ప్రెస్‌లో చేరగానే నేర్పే మొదటి పాఠం అదే. ప్రెస్‌కు సలహాదారుగా ఉన్న డాక్టర్ ఒసున్‌బాడే ఏటా ఒక ఆదివారం అందరినీ కూర్చోబెట్టి చెబుతాడు: "మాట ఎవరిదో తేలకపోతే అది వార్త కాదు, పుకారు." తెనియోలా ఆ పాఠాన్ని ప్రేమించింది. నిజంగానే ప్రేమించింది. అన్నీ కారిపోయే, చెదిరిపోయే లోకంలో ఒక మాటను తెచ్చి ఒక మనిషికి కుట్టేయడం. పేరు, కామా, డిపార్ట్‌మెంటు, కామా, ఇయరు. కుట్టు పడ్డాక చేత్తో నిమిరి చూసుకునేది.

రాసినవాళ్ళ పేరు మాత్రం ఉండదు. ఒకప్పుడు వేరే హాల్‌లో ఒక కుర్రాడు ఆస్పత్రి గురించి రాసి రస్టికేట్ అయ్యాడు. అప్పటినుంచి ఏ బోర్డు మీదా రాసినవాళ్ళ పేరు వేయరు. "మా విలేకరి" అంటారు, అంతే. అది జాగ్రత్త అనుకున్నారు అందరూ. ఎవరికి జాగ్రత్త అని ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు. దాక్కున్న చోటి నుంచి చేయి మాత్రం బయటపెట్టి దారినపోయేవాళ్ళను వేలెత్తి చూపించడం, అదీ తన పత్రికా వ్యాసంగం.

ఫీజు మూడింతలు చేస్తూ నోటీసు వచ్చిన వారం అది. హాల్‌లో కుళాయిలు ఎండిపోయి నెల దాటింది. తెల్లవారగానే ఆడపిల్లలు బకెట్లు నెత్తిన పెట్టుకుని కింద వాగు దాకా పోయి వస్తున్నారు. తెనియోలా ఆ వరసలో నడుస్తూ ఒక్కొక్కరినీ అడిగింది. అందరూ అదే కోపం, అందరూ అవే మాటలు. "పేరు రాయకే", "నా పేరొద్దు తల్లీ", "మా నాన్న చంపేస్తాడు" అన్నారు. ఫదేకెమి అనే అమ్మాయి మాత్రం నెత్తి మీద బకెట్‌తో మెడ తిప్పలేక ఎదురుగా చూస్తూ చెప్పింది:

"ఫీజు పెంచినవాళ్ళని ఒక్కపూట మా బాత్రూములో స్నానం చేసి చూపించమను. వీసీగారి గడ్డికి రోజూ రెండు పూటలా నీళ్ళు దొరుకుతాయి. నేను మనిషిగా పుట్టి తప్పు చేశాను, ఆ గడ్డిలో ఒక పోచగా పుట్టుంటే ఫీజు లేకుండా తడిసేదాన్ని."

వరసంతా ఘొల్లుమంది. నవ్వుకు బకెట్లలో నీళ్ళు తొణికి మెడల మీద పడ్డాయి. తెనియోలా నవ్వలేదు. రాసుకుంటోంది. "పేరు, డిపార్ట్‌మెంటు, ఏ ఇయరు?" అంది. హాజరు పలికినట్టు పలికింది ఆ పిల్ల: "ఫదేకెమి అదెబోలా, బోటనీ, థర్డ్ ఇయర్." ఎందుకని అడగలేదు. తను చెప్పలేదు. అడగకపోవడమే ఒప్పుకోవడం అనుకుంది. ఆచారమంటే అదేగా, అడగకుండా జరిగిపోయేది.

శుక్రవారం బోర్డు మీద పడింది. శనివారానికి ఆడపిల్లలు చెవుల్లో గడ్డిపోచలు పెట్టుకుని తిరిగారు. సోమవారానికి మగపిల్లల హాళ్ళ నుంచి కూడా ఖాళీ బకెట్లతో వచ్చి బంగళా ముందు గడ్డి మీద బారులు తీరి కూర్చున్నారు. "అలూటా!" అని ఒకడు పిడికిలెత్తితే, కొండ అవతలి ఊరికి వినబడేలా "కంటిన్యూవా!" అని జవాబు, పోరాటం ఆగదని. గడ్డి మీద పాట కట్టారు. లెగోస్ పేపర్లో ఫోటో పడింది. రేడియోలో ఎవరో మంత్రిని గడ్డి గురించి అడిగితే ఆయన ఫోన్ పెట్టేశాడు.

వేలమందిని శిక్షించలేరు. ఒకరు కావాలి. ఆ మహా జనంలో, ఆ బకెట్ల మోతలో, కాగితం మీద పేరున్నది ఒక్కరికే.

"ఈ మాటలు ఆ అమ్మాయి అన్నదేనా?" ఉదయం ప్యానెల్ అధ్యక్షుడు ప్రొఫెసర్ ఒలాగుంజు అడిగాడు. ఆయన ముందు బోర్డు ఫోటో ఉంది, పెద్దదిగా తీయించి, ఆ వాక్యం కింద ఎర్రగా గీత గీసి.

తెనియోలా నూరి పెట్టుకున్న జవాబు తీసింది. "తనకు చెప్పినవాళ్ళ గురించి విలేకరి ఎవరికీ చెప్పదు సర్."

ఆయన కళ్ళద్దాల మీదుగా చూశాడు. "ఇంకేం చెప్పాలమ్మా? పేరు చెప్పావు, డిపార్ట్‌మెంటు చెప్పావు, ఇయరు చెప్పావు. వాళ్ళమ్మ వంటింటికి దారొక్కటే మిగిల్చావు."

గదంతా నవ్వింది. మూల కూర్చున్న ఒసున్‌బాడే కూడా నవ్వాడు. ఆ నవ్వు దగ్గరే తెనియోలా లోపల ఏదో తెగింది. మిగతావాళ్ళ నవ్వు సరే, వాళ్ళ పని అది. ఈయన నేర్పిన పాఠమే కదా.

"భయపడకు," అన్నాడు అధ్యక్షుడు. "నువ్వు ముద్దాయివి కాదు, సాక్షివి. మీ సలహాదారు మాకంతా చెప్పారు. చక్కగా రాశావు. మధ్యాహ్నం ఆ అమ్మాయిని పిలుస్తాం. ఆమె లోపలికి రాకముందే, 'బోర్డు మీద నేను రాసింది నిజం' అని నువ్వొక సంతకం పెట్టాలి. అంతే."

"పెట్టకపోతే సర్?"

"అబద్ధమని అర్థం. అబద్ధాలు రాసే బోర్డు మనకెందుకు? తీయించేస్తాం. రాసినవాళ్ళ సంగతి విడిగా చూస్తాం." తరువాత, చాలా మృదువుగా, "ఫైనల్ ఇయర్ కదూ?" అన్నాడు.

అప్పుడే అంది, థాంక్యూ సర్ అని. కాళ్ళు వాటంతట అవే లేచి నిలబడినట్టు ఆ మాట కూడా దానంతట అదే వచ్చింది. చిన్నప్పటినుంచీ పెద్దల ముందు మోకాలు వంచి మోకాలు వంచి ఎక్కడో ఒక బిగువు సడలిపోయింది. వంగిన మోకాలికి బుర్రతో పని లేదు.

ఇప్పుడు ప్యానెల్ గది తలుపు తెరుచుకుంది. ఒసున్‌బాడే వచ్చాడు, చేతిలో తెల్లటి అన్నం డబ్బా. ఆయన ఎడమ కనుబొమ మీద ఒక మచ్చ. మిలిటరీ రోజుల్లో స్టూడెంటుగా ఉండగా పోలీసు లాఠీ తగిలింది. ప్రతి బ్యాచ్‌కీ ఆ మచ్చ కథ చెబుతాడు, చెప్పేటప్పుడు వేలితో తడుముకుంటాడు.

"తిను అమ్మాయీ. పొద్దుటినుంచి ఏమీ తినలేదు నువ్వు."

"ఆకలి లేదు సర్."

"కోపమా?" బల్ల మీద పక్కన కూర్చున్నాడు. "ఆలోచించు. నిన్ను ముద్దాయిగా పిలవకుండా సాక్షిగా పిలిపించింది ఎవరనుకున్నావు? ఆ పని చేయడానికి నేనెన్ని గుమ్మాలు ఎక్కానో నీకు తెలియదు."

"ఫదేకెమి కోసం ఎన్ని ఎక్కారు సర్?"

"ఆ పిల్ల నోటిదూకుడు. నువ్వు వేరు. నువ్వు నిజం రాశావు. రాసిన నిజం కింద సంతకం పెట్టడానికి భయమెందుకు?"

"వరసలో ఉన్నవాళ్ళందరూ అదే అన్నారు సర్. ఒక్కతే అన్నట్టు రాశాను. ప్రతి అక్షరం నిజమే, మొత్తం కలిపితే అబద్ధం."

"మిగతావాళ్ళు పేర్లివ్వలేదు కదా. పేరు లేని మాట..."

"పుకారు. తెలుసు సర్, మీరే చెప్పారు. మీ మచ్చ కథ కూడా చెప్పారు. ఆ రోజు మీ పక్కన నిలబడి మీ పేరు పోలీసులకి చక్కగా, తప్పుల్లేకుండా రాసిచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా సర్? ఉంటే ఆయన కూడా ప్రొఫెసర్ అయ్యే ఉంటాడు."

ఆయన వేలు కనుబొమ దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. "జాగ్రత్తగా మాట్లాడు," అన్నాడు. "నేను నీకు శత్రువుని కాదు."

"ఆ మచ్చని వాళ్ళకి అద్దెకిచ్చారు సర్."

లేచింది. డబ్బా బల్ల మీదే ఉంది. మెట్లు దిగుతుంటే ఒక సంగతి తోచి ఇంకా మండిపోయింది: ఆ మాట అంటున్నప్పుడు కూడా తన చేతులు వెనక కట్టుకునే ఉన్నాయి, పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఉండవలసినట్టు. నోటికొచ్చిన ధైర్యం చేతుల దాకా రాలేదు. ఎప్పుడూ అంతే. మాటలు పదునుగా వస్తాయి, ఆ తరువాత వెళ్ళి చెప్పిన చోట కూర్చుంటుంది.

హాల్ మలుపు దగ్గర అరటికాయలు కాల్చే బండి. అక్కడ పొగలో, బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఫదేకెమి కాల్చిన అరటికాయ, వేరుశనగపప్పు తింటోంది. ఎవరిదో అరువు తెచ్చుకున్న నల్లకోటు తొడుక్కుంది, భుజాలు జారిపోతున్నాయి. ప్యానెల్ ముందుకు కోటు వేసుకు వెళ్ళాలని ఎవరో చెప్పి ఉంటారు.

"రావమ్మా రిపోర్టరమ్మా, రా. కూర్చో. నా గురించి ఏమైనా మిగిలిందా రాయడానికి? చెప్పుల సైజు చెప్పనా?"

తెనియోలా నిలబడే ఉంది. "ఫదే, ఒక మాట చెబుతా విను. ఆ మాట నువ్వే అన్నావని నన్ను సంతకం పెట్టమంటున్నారు. లోపలికెళ్ళి నేనే కల్పించానంటాను. నువ్వు ఏమీ అనలేదంటాను. నేనే ఆ గడ్డి మాట అల్లి, నీ పేరు పెట్టానంటాను. వాళ్ళు నన్నే చూసుకుంటారు. నువ్వు బయటపడతావు."

ఫదేకెమి నమలడం ఆపింది. చేతిలో పప్పుల పొట్లాన్ని మెల్లగా మడిచి కోటు జేబులో పెట్టుకుంది. మొహంలో నవ్వు లేదు.

"అంటే ఆ మాట నీదవుతుంది."

"అది కాదు..."

"అదే. నా పేరు పెట్టేటప్పుడు అడిగావా? ఇప్పుడు తీసేస్తానంటున్నావు, అడుగుతున్నావా? చెబుతున్నావు! నేనేమన్నా నీ బోర్డా, అంటించడానికీ పీకడానికీ?" గొంతు పెరిగింది. బండామె విసనకర్ర ఆపి చూసింది. "లెగోస్ పేపర్లో పడ్డాక మా ఊరు ఓండో నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. గంటసేపు తిట్టింది. చదువుకోమని పంపిస్తే గడ్డి గొడవ నీకెందుకే అంది. తిట్టి తిట్టి, ఆగి, అయితే ఆ గడ్డిపోచ మాట నిజంగా నువ్వే అన్నావా అంది. అవునమ్మా అన్నాను. నవ్వింది. బజారంతా చెప్పుకుంటున్నారే అంది. మా అమ్మ నా మాటకి నవ్వడం నేను పుట్టాక అదే మొదటిసారి. దాన్ని నువ్వు పట్టుకుపోతావా?"

"నిన్ను పంపించేస్తారే!"

"పంపించనీ. అన్నాను, అన్నాననే చెబుతాను. నాకేదో భయం లేదనుకోకు. ఈ అరటికాయ మూడోది, దిగడం లేదు." కోటు చేతులు పైకి లాక్కుంది. "నీకు తెలుసా, ఆ కాగితం దగ్గరికి నేను రోజూ వెళ్తాను. జనం లేనప్పుడు. అన్ని మాటలున్నాయి, ఇంత పెద్ద కాగితం. మనిషిని మాత్రం నేనొక్కదాన్నే ఉన్నాను. మిగతావాళ్ళంతా 'ఒక విద్యార్థిని', 'మరొక విద్యార్థిని'. నువ్వు 'మా విలేకరి'. మా విలేకరి! ఏ ఊరే ఆవిడది? ఏ డిపార్ట్‌మెంటు?"

తెనియోలా చేయి మెడలోని గుర్తింపు కార్డు మీదికి వెళ్ళింది.

"అక్కడ నిలబడితే నాకు చలేస్తుంది, తెనీ. ఎండలో కూడా." లేచి బకెట్ అందుకుంది. "వెళ్ళు. నీ సంతకం నువ్వు చేసుకో. నా సంగతి నేను చూసుకుంటా. రిపోర్టర్లు పక్కన నిలబడతారు కదా. నిలబడు."

బండామె విసనకర్ర మళ్ళీ మొదలైంది. నిప్పురవ్వలు లేచాయి.

హాల్ దాకా నడిచింది తెనియోలా. నడుస్తున్నంతసేపూ ఎవరి మీద కోపమో వెతుక్కుంటోంది. ఒలాగుంజు మీద, సరే. ఒసున్‌బాడే మీద, సరే. వాళ్ళ మీద కోపం సుళువు. మెట్లు దిగినట్టు దిగిపోవచ్చు. అడుగున ఇంకొకటుంది. బంగళా ముందు వేలమంది పాడుతుంటే తను కాగితం పట్టుకుని పక్కన నిలబడింది. పెదవులు కదలకుండా బిగబట్టింది. ప్రెస్‌వాళ్ళు చప్పట్లు కొట్టకూడదు, పాడకూడదు. అది నియమం. ఆ నియమం తనకు ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది. గుంపులో ఉండి గుంపులో లేకపోవడం. కాగితం అడ్డుపెట్టుకుంటే ఎవరూ మొహం చూడరు. నిష్పక్షపాతం అనుకుంది దాన్ని. భయానికి ఇస్త్రీ చేసి తొడిగిన చొక్కా అది.

ఎవరు తొడిగారు? వాళ్ళే. పుట్టినప్పటినుంచి తొడుగుతూనే ఉన్నారు. మంచి పిల్ల, నెమ్మదైన పిల్ల, తప్పుల్లేకుండా రాసే పిల్ల. చక్కగా రాశావు.

హాల్ ముందు ట్యాంకర్ వచ్చింది. బకెట్ల వరస గుమ్మం లోపలిదాకా ఉంది, బోర్డు ముందు నుంచే మెలి తిరిగింది. ఎవరో గడ్డి పాట అందుకున్నారు. తెనియోలాను చూడగానే పాట ఆగింది.

"దారివ్వండే, సాక్షి గారొచ్చారు!"

"జొలోఫ్ ఎలా ఉందమ్మా? మాంసం పెద్ద ముక్కే వేశారా?"

"జాగ్రత్తే, నీ పేరడుగుతుంది. పేరు, డిపార్ట్‌మెంటు, ఏ ఇయరు!"

చివరి మాట ఆమె గొంతునే అనుకరిస్తూ అన్నారెవరో. అచ్చం తనలాగే ఉంది. మర్యాదగా, చల్లగా, కలం ఎత్తి పట్టుకున్నట్టు. తన గొంతు బయటినుంచి ఇలా ఉంటుందా? వరసంతా నవ్వింది. ఆ నవ్వులో పేర్లివ్వనివాళ్ళందరూ ఉన్నారు. మా నాన్న చంపేస్తాడన్నవాళ్ళు, నా పేరొద్దు తల్లీ అన్నవాళ్ళు. ఒక్కసారి వాళ్ళ మీద తిరగబడి అరవాలనిపించింది: మీరంతా అన్నారు కదే! ఇక్కడే, ఈ బకెట్లతోనే! అరవలేదు. వాళ్ళకు చెప్పే హక్కు తనకెక్కడిది? 'మా విలేకరి'కి.

మెడలో గుర్తింపు కార్డుతో పాటు వేలాడుతున్న తాళం చెవి తీసింది. అద్దం తలుపు తెరిచింది. లోపల వేడిగా, పులిసిన గంజి వాసన. కాగితం అంచు గోరుతో తడిమింది. ఒక మూల లేచి వచ్చింది.

గుమ్మం పక్కన, కాపలా చూసే పోర్టర్ గదిలోంచి మమ్మీ తొంగి చూసింది. హాల్లో ఆడపిల్లలందరికీ ఆవిడ మమ్మీనే. తాళాలు, గొడవలు, జ్వరాలు అన్నీ ఆవిడవే.

"పీకేస్తావా నా తల్లీ?" అంది. "పీక్కో. నేను చూడలేదంటాను. కాని వాళ్ళ దగ్గర ఫోటో ఉందటగా. ఇక్కడ పీకితే అక్కడ పోతుందా?"

పోదు. ఇక్కడ గోడ ఖాళీ అవుతుంది, అక్కడ బల్ల మీద ఎర్ర గీత కింద ఫదేకెమి ఉంటుంది, ఇంకా ఒంటరిగా. ఈ కాగితాన్ని తీసేస్తే ఆ మాట చుట్టూ నవ్విన వరస కూడా పోతుంది. ఫోటో ఒక్కటే మిగులుతుంది. నిజమే అని సంతకం పెడితే దాన్ని వాళ్ళకిచ్చినట్టు. అబద్ధమని చెబితే దాన్ని తను దొంగిలించినట్టు. అవునో కాదో చెప్పు అన్నారు, ఆ రెండింటి మధ్యా ఊపిరాడే చోటు లేకుండా కట్టారు గది. కట్టినవాళ్ళకు తెలుసు. తెలిసే మెచ్చుకున్నారు.

లేచిన మూలను తిరిగి వేలితో అదిమింది. గంజి ఎండిపోయింది, అంటలేదు. ఉమ్మి తడి చేసి అదిమింది. అంటింది.

వరసలో సద్దు తగ్గింది. ట్యాంకర్ నీళ్ళు బకెట్లో పడుతున్న చప్పుడు ఒక్కటే. వెనక ఎవరో, "ఏం చేస్తోందే?" అన్నారు.

ఆ వాక్యం దగ్గర కళ్ళు ఆగాయి. గడ్డిపోచగా పుట్టుంటే ఫీజు లేకుండా తడిసేదాన్ని. ఎన్నిసార్లు చదివింది దీన్ని! రాస్తూ చదివింది, దిద్దుతూ చదివింది, అంటించాక చదివింది. ఒక్కసారీ నవ్వలేదు. ఇప్పుడూ నవ్వు రాలేదు. ఇంతకాలం బిగబట్టిన పెదవులు వాటంతట అవే కదిలి ఆ మాటను పలికాయి, లోలోపల కాదు, పైకే, దగ్గరున్నవాళ్ళకు వినబడేలా. మాట కొత్తగా ఉంది. తనది కాదు, అయినా తన నోట్లో పట్టింది.

సెనేట్ భవనం వైపు నుంచి గంట వినబడింది. భోజనాల సమయం అయిపోయింది. మూడో అంతస్తులో తన కోసం ఒక కాగితం సిద్ధంగా ఉంటుంది, టైపు చేసి, కింద గీత గీసి, చక్కగా.

కలం తీసింది. మూత పళ్ళతో పట్టుకుంది. ఫదేకెమి అదెబోలా, బోటనీ, థర్డ్ ఇయర్ అన్నదాని పక్కన, ఖాళీ ఉన్న చోట, పెద్ద అక్షరాలతో రాసింది. తెనియోలా ఫలాదే, హిస్టరీ, ఫైనల్ ఇయర్.